ఎండిన చెరువు ఎవరిది?



చెరువులో నీరున్నంతకాలము అది ఊరందరిది. నీరు ఎండినప్పుడే అది ఎవరిదను ప్రశ్న పుట్టును. వానలు తరచు తప్పు మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో ఇది చిన్న ప్రశ్న కాదు. "చచ్చిన చెరువే గదా" అని ఒకరు హద్దు జరుపుదురు, మరియొకరు పునాది తీయుదురు.

చచ్చినదో లేదో ఒక చిన్న మొక్కను అడుగుదము. చెరువు అంచున, వరిమడిలో, పులిచింతాకు వలె కనబడుచు, మూడు దళములకు మారుగా నాలుగు దళములుండు ఆకును మనము చూచియే యున్నాము. తమిళులు దీనిని ఆరాకీర అని వండుకొందురు. శాస్త్రజ్ఞులు మార్సీలియా అందురు. దీనికి పూవు లేదు. ఇది ఫెర్న్ జాతిది. కాడ మొదట గింజవంటి గట్టి కాయలు కాయును. నీరింకగా ఆకు మాడును, కాయ మట్టిలో నిలుచును. ఎండబెట్టి దాచిన మొక్కల కాయలు దాదాపు 100 ఏండ్లకు కూడ మొలచినవి. నరికిన చెట్టు నీటి వాసనకు చిగిర్చునని యోబు చెప్పినది (యోబు 14) ఇట్టిదే.

ఐరోపాలో దీని చుట్టము పిల్యులారియా కలదు. మాత్రవంటి గుండ్రని కాయను బట్టి దానికా పేరు. శీతకాలమున మునిగి, వేసవిలో బయటపడు గుంటల అంచులే దాని ఇల్లు. ఎండను ఓర్చిన ఆ మొక్క, గుంటలు పూడ్చుటను ఓర్వలేక అనేక చోట్ల తరిగిపోయెను.

అయితే పేదవాడు ఎండిన చెరువులో ఒక పంట వేసికొనుట పాపమా? కాదని మేము తలంచుచున్నాము. నీరు వచ్చినప్పుడు తొలగిపోవువాడు అరువు తీసికొన్నవాడు. మట్టి పోసి నీరు రాకుండ చేయువాడు దోచుకొన్నవాడు. పితరులు వేసిన హద్దులను జరుపరాదని సామెతలు 22:28 హెచ్చరించుచున్నది. 2021 నవంబరు వానలకు తిరుపతి దాపున రాయలచెరువు నిండి, గండి పడునను భయముతో దిగువ ఊళ్లవారిని తరలించిరి. నీరు తన చోటును మరువదు.

కావున కట్టబోవునది ఇల్లయినను, అంగడియైనను, మన ప్రార్థన మందిరమే యైనను, కొలతతాడు పట్టక మునుపు ఊరి పెద్దలను అడుగుదము: ఇక్కడ నీరు ఎంతవరకు నిలిచెడిది? వారు చూపిన గుర్తుకు ఇవతలనే పునాది తీయుదము.