గురువారం జాకీ వంతు

1669లో లండన్‌లో పుట్టిన సుసన్నా, శామ్యూల్ ఆన్స్‌లీ అనే పేరున్న బోధకుడికి 25వ సంతానం. ఇంగ్లండు ప్రభుత్వ సంఘంతో సరిపడక బయటికి వచ్చేసిన గురువుల్లో ఆయన ఒకరు. ఆయన కూతురేమో పదమూడేళ్లు నిండకముందే తండ్రి దారి విడిచి, ఆయన కాదనుకున్న ఆంగ్లికన్ సంఘంలోనే చేరింది. ఆ సంఘపు గురువు శామ్యూల్ వెస్లీనే పెళ్లాడింది. 1702 ప్రాంతంలో రాజు విలియం కోసం భర్త చేసిన ప్రార్థనకు ఆమె ఆమేన్ అనలేదు. ఆమె లెక్కలో అతను సింహాసనానికి హక్కున్న రాజు కాడు. భర్త కోపంతో ఇల్లు విడిచి వెళ్లాడు. వాళ్లు మళ్లీ కలిశాక, 1703 జూన్‌లో జాన్ వెస్లీ పుట్టాడు. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడు ఆయనే. మెదక్‌లో 1924లో ఆరాధనకు తెరిచిన పెద్ద చర్చిని కట్టించింది ఆయన పేరు పెట్టుకున్న మిషనే.

మనస్సాక్షి విషయంలో ఇంత పట్టుదల ఉన్న తల్లి, తన విశ్వాసాన్ని పిల్లలకు ఇవ్వగలిగిందా? అసలు విశ్వాసం ఒకరిస్తే వచ్చేదేనా?

కుటుంబం ఉండే ఎప్‌వర్త్ ఊళ్లో ఆమె ఇల్లే బడి. 19 మందిని కన్నది, సగం మంది దాకా పసితనంలోనే పోయారు. మిగిలినవాళ్లకు అయిదేళ్లు నిండగానే చదువు మొదలు. అక్షరాలన్నీ ఒక్క రోజులో రావాలి, ఆ వెంటనే ఆదికాండం మొదటి అధ్యాయం చదవాలి. చదవడం బాగా వచ్చేదాకా ఆడపిల్లకు పని నేర్పకూడదన్నది ఆమె నియమం. ఆ కాలంలో ఎందరు తల్లులు అంతమాట అనగలిగారు! ఏడాది పిల్లలు బెత్తానికి భయపడి, ఏడ్చినా మెల్లగానే ఏడవాలన్న నియమం కూడా ఆమెదే. దాన్ని మాత్రం వెనకేసుకురావడం కష్టం.

నియమాలకంటే లోతుగా నాటుకున్నది మరొకటి ఉంది. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, ఆత్మ సంగతులు మాట్లాడేది. ఇంట్లో జాకీ అని పిలుచుకునే జాన్‌ది గురువారం. 1709లో ఇల్లు తగలబడినప్పుడు అయిదేళ్ల ఆ పిల్లవాణ్ని చివరి నిమిషంలో కిటికీలోంచి బయటికి లాగారు. దేవుడు చూపిన ఆ దయకు ఏదో ఉద్దేశం ఉందని తల్లి నమ్మింది. చాలా ఏళ్ల తర్వాత, ఆక్స్‌ఫర్డ్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఆ గురువారపు సమయంలో కొంత తనకోసం ఇంకా కేటాయించమని తల్లికి ఉత్తరం రాశాడు.

1712 చలికాలంలో భర్త లండన్‌లో ఉండగా, ఆమె ఇంట్లో జరిపే ఆదివారపు కుటుంబ ప్రార్థనకు ఇరుగుపొరుగు రావడం మొదలైంది. చూస్తుండగానే సంఖ్య 200 దాటింది. ఆడమనిషి ఇలా చేయడమేమిటని ఫిర్యాదులు వెళ్లాయి. ఆపితే బాగుంటుందని భర్త రాస్తే ఆమె ఒప్పుకోలేదు. ఆపమని స్పష్టంగా ఆజ్ఞాపించండి, దేవుని తీర్పునాడు ఆ బాధ్యత మీరే మోయండి అని జవాబిచ్చింది. పిల్లలు ఇదంతా చూస్తూనే పెరిగారు.

ఇంత జరిగినా జాన్‌కు నెమ్మది దొరకలేదు. గురువయ్యాడు, అమెరికాలోని జార్జియా దాకా వెళ్లి నిరాశతో తిరిగొచ్చాడు. తన పాపాలు క్షమించబడ్డాయన్న నిశ్చయత 1738 మే 24న, లండన్‌లో ఒక చిన్న కూడికలో, ముప్పై నాలుగేళ్ల వయసులో కలిగింది. తల్లి పెంపకం విఫలమైందని దీనికి అర్థం కాదు. వాక్యం, ప్రార్థన, మనస్సాక్షికి లోబడటం ఆమె ఇచ్చింది. నిశ్చయత ఆమె చేతిలో లేదు, ఎందుకంటే అప్పటికి ఆమెకే అది లేదు.

1739లో, డెబ్బై ఏళ్ల వయసులో, ప్రభువు బల్ల సంస్కారంలో అల్లుడు పాత్ర అందిస్తూ పలికిన మాటలు గుండెను తాకి, తన పాపాలన్నీ క్షమించబడ్డాయని తెలిసిందని సుసన్నా కొడుకుతో చెప్పింది. ఇప్పుడే, ఇక్కడే క్షమాపణ పొందవచ్చన్న సంగతి అంతకుముందు దాదాపు వినలేదట. మరి మీ నాన్నగారికి ఈ విశ్వాసం ఉండేదా అని జాన్ అడిగాడు. ఉండేదని, నలభై ఏళ్లకు పైగా తనకు ఏ సందేహమూ కలగలేదని చనిపోయే ముందు ఆయనే చెప్పారని ఆమె జవాబిచ్చింది. కానీ ఆయన దాని గురించి ఒక్కసారైనా ప్రసంగించినట్టు ఆమెకు గుర్తులేదు.