రక్తదాతకు హితవు

నాయనా, ముక్కూ మొహం తెలియని వారికోసం రక్తమివ్వడానికి ముందుకొచ్చావు. నీ మనసు గొప్పది. దానికి సత్యం తోడుగా ఉందో లేదో చూసుకొమ్మని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మన దేశంలో ఊరిని బట్టి, ఆసుపత్రిని బట్టి అంకె మారుతుంది గాని, రక్తదాతల్లో ఇంచుమించు నూటికొకరికి హెపటైటిస్ బి, వెయ్యికి ముగ్గురు నలుగురికి హెపటైటిస్ సి బయటపడుతున్నాయి. వీరెవరూ మంచాన పడ్డవారు కారు. ఆరోగ్యంగా ఉన్నామన్న నమ్మకంతో, పనులు మానుకొని వచ్చి చెయ్యి చాచినవారు. కాలేయాన్ని ఏళ్ళ తరబడి దెబ్బతీస్తున్నా నొప్పి తెలియనివ్వకపోవడమే ఈ రెండు వ్యాధుల స్వభావం. కనుక ‘నాకేం లేదు’ అన్న మాట ఎవరి నోటా ప్రమాణం కాదు.

పరీక్షలూ కట్టుబాట్లూ ఉన్నాయి కదా అంటావు. ఉన్నాయి. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో, 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్ముకునే వృత్తి నిషిద్ధమైంది. 2001లో హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరైంది. అయినా వైరస్ ఒంట్లో చేరిన తొలి వారాల్లో, రక్తనిధులు మామూలుగా చేసే ఎలీసా పరీక్షకు చిక్కదు. వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే న్యాట్ పరీక్ష ఆ గడువును తగ్గిస్తుందే గాని పూర్తిగా తీసివేయదు. పైగా అది అన్ని రక్తనిధుల్లోనూ లేదు. యంత్రానికి అందని ఆ కొన్ని వారాల సంగతి చెప్పగలిగేది నీ నోరొక్కటే.

అందుకే రక్తమిచ్చే ముందు నీ చేతికిచ్చే ప్రశ్నాపత్రాన్ని చదవకుండా సంతకం పెట్టకు. ఎప్పుడో కామెర్లు వచ్చి పసరు తాగావా? వాటికని మణికట్టున వాత పెట్టించుకున్నావా? ఈ మధ్య పచ్చబొట్టు పొడిపించుకున్నావా? ఒకరు వాడిన సూది నీ ఒంటిని తాకిందా? చెప్పు. మిత్రులు చూస్తున్నారని, బంధువు ఆపరేషను బల్లమీద ఉన్నాడని దాచకు. నీ ఒక్క సంచి రక్తాన్ని విడదీసి ముగ్గురికి ఎక్కించవచ్చు. వారిలో ఒకరు, కొన్ని వారాలకోసారి రక్తం పడితే తప్ప బతకలేని తలసీమియా బిడ్డ కావచ్చు. నోరు విప్పలేకపోతే, ఇవ్వకుండానే తిరిగి వెళ్ళు. అందులో అవమానమేమీ లేదు. పరీక్ష ఊరికే జరుగుతుందని, అనుమానం ఉండీ రక్తమిచ్చేవారున్నారు. అంతకన్నా ఘోరం లేదు. ఆ అనుమానం తీర్చుకోవడానికి ప్రభుత్వాసుపత్రి ఉంది, రోగి నరం కాదు.

రక్తనిధులవారికీ ఒక మాట. దోషమున్న సంచిని పారవేసినంత మాత్రాన మీ ధర్మం తీరదు. ఇచ్చిన మనిషిని పిలిచి, ఏకాంతంగా, మెత్తగా చెప్పండి. అతని పేరు మూడో చెవిన పడనివ్వకండి.

నాయనా, ఆ పిలుపు నీకే వస్తే మొహం చాటేయకు. హెపటైటిస్ సి చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది. బి వైరస్‌ను మందులతో అదుపులో ఉంచవచ్చు. హెపటైటిస్ నియంత్రణకు 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో ఈ మందులు ఉచితం. బి అని తేలితే ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయించు, సోకనివారికి టీకా వేయించు. ఇంట్లో బిడ్డ పుడితే 24 గంటలు దాటకముందే తొలి టీకా పడేలా చూడు.