కొలువు విడిచి క్రీడకు

సర్కారు కొలువు లభించిన యువకుడు దానిని విడిచి ఆటలనే జీవనముగా చేసికొందునన్నచో, అది సాహసమా, అవివేకమా యని మన యిండ్లలో వాదము చెలరేగును. దూరపు కొండలు నునుపని పెద్దలందురు. పిన్నలు ధోనీ పేరు చెప్పుదురు. ఇరుపక్షములవారును ఫలమును జూచియే పనిని తూచుచున్నారని మా తలంపు.

ధోనీ సంగతి మాకు కొంత దగ్గరిది. మేము గుమాస్తాగిరి చేసిన ఖుర్దా రోడ్డు డివిజను ఆ నాళ్లలో ఆగ్నేయ రైల్వేలోనిదే. ఆ రైల్వేలోనే 2001లో ఆయన ఖరగ్‌పూరున టిక్కెట్ల తనిఖీ ఉద్యోగమున చేరెను. మన తెలుగువారు తరతరములుగా కాపురమున్న ఊరది. కొలది యేండ్లకే ఆ కొలువు విడిచెను. అప్పటికి భారత జట్టులో ఆయనకు చోటు లేదు. చోటు దొరకిన పిదప, 2004 డిసెంబరు 23న చిట్టగాంగులో తొలి వన్డే యాడి, ఒక్క పరుగైనను తీయక రనౌటయ్యెను. 2005 ఏప్రిలు 5న విశాఖపట్టణమున పాకిస్థానుపై 148 పరుగులు చేసిననాడు గదా లోకము తలయెత్తి చూచినది! 2007, 2011 సంవత్సరముల ప్రపంచకప్పులు ఆ పిమ్మటివి. చిట్టగాంగు ఆట ముగిసిన సాయంకాలమున, 'నాయనా, కొలువు విడిచి మంచి పని చేసితివి' అని మనలో నెందరు అనియుందురు? రాజీనామా నాడును, విశాఖ యాట నాడును ఆయన చేసిన పని యొక్కటే.

మా కాలనీలో మరియొక యువకుడు క్రీడాకోటాలో కొలువు పొంది, ఫుట్‌బాలుకై దానిని వదలుకొనెను. రెండేండ్లలో మోకాలు చెడినది. నేడు చిన్న దుకాణము నడుపుకొనుచు, వేకువనే పిల్లలకు ఆట నేర్పుచున్నాడు. మన తల్లులు అతని పేరెత్తి పిల్లలను బెదరింతురు. ఇది మాకు నచ్చదు. అతడు కొలువు విడిచిననాటికి చెల్లెండ్ర పెండ్లిండ్లయినవి. తండ్రికి పింఛను వచ్చుచుండెను. అతని వయస్సు ఇరువదిరెండు. ఆనాటి లెక్కను ఆనాటి కాగితము మీదనే చూచినచో, అతనిని అవివేకి యని మేమనజాలము. మోకాలి సంగతి ఆ కాగితమున ఎవరు వ్రాయగలరు?

కావున తూచవలసినది ఆ దినమున నున్న స్థితిని. రాజీనామా ఒక్కడు వ్రాయును. పస్తు ఇంటిల్లిపాదియు ఉందురు. ఆ యింటివారు తెలిసి ఒప్పుకొనిరా లేదా యనునదే అసలు ప్రశ్న. 2016 రియో ఒలింపిక్ క్రీడలకు ముందు, రైల్వే ఉద్యోగియగు పి. వి. రమణ గారు కుమార్తె సింధు శిక్షణకై నెలల తరబడి సెలవు పెట్టిరి. ఆయనయు వాలీబాల్ ఆటగాడే. పణము ఎంతటిదో యెరిగి పెట్టిన సెలవది. రాజీనామాకు ముందు జీతము లేని సెలవు దొరకునా యని విచారింపుమని మేము కుర్రవాండ్రకు చెప్పుచుందుము. గుమాస్తా బుద్ధి యని నవ్వుదురు, నవ్వనిండు!

ఇక వయస్సు మాట. ఫైలు అరువదియేండ్ల వరకు మనకొరకు ఆగును, కాళ్లు ఆగవు. ముప్పదియైదేండ్లకు పరుగు నేర్చెదనన్న వానిని మేము వారింతుము. పెద్దలు చెప్పు స్థిరత్వము కూడ మునుపటిది కాదు. 2004 జనవరి 1 తరువాత కేంద్ర ప్రభుత్వపు పౌర ఉద్యోగములలో క్రొత్తగా చేరినవారికి సామాన్యముగా మా పాత పింఛను పద్ధతి లేదు. అంతేకాదు, మన తాతలు పల్లెలలోని పొలము పుట్ర విడిచి, భాష తెలియని చోట బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి వచ్చిననాడు, అదియు స్థిరమైనదానిని విడుచుటయే. ఆ సాహసపు ఫలమును తినుచున్న మనము కుర్రవాండ్రను సాహసింపవలదనుట వింతగా లేదా?

ఈ నడుమ మా అన్నగారి మనుమడు బ్యాంకు కొలువు విడిచి కబడ్డీకి పోవుదునని సలహా యడుగ వచ్చెను. పతకముల సంగతి మేమడుగలేదు. ఇంటి అప్పు ఎవరి జీతమునుండి తీరుచున్నదని అడిగితిమి. వాడు జవాబు చెప్పక, రేపు అమ్మను వెంటబెట్టుకొని వత్తునని వెళ్లెను.