కఫీల్ పేరున అంగడి

బనగానపల్లె

అల్లుడూ,

నువ్వు ఫోనులో రికార్డు చేసి పంపిన మాటలు మీ అమ్మ తెచ్చి వినిపించింది. హౌస్ డ్రైవర్ పని చాలించి కువైట్‌లోని ఫర్వానియాలో సంగటి హోటలు పెడతానంటున్నావు. లైసెన్సూ గది బాడుగ కాగితమూ నీ యజమాని బాబాకు తెలిసిన ఒక కువైటీ కఫీల్ (పూచీదారు) పేరున ఉంటాయి, నెలనెలా ఆయనకు ఇన్ని దినార్లు ఇస్తే మిగిలిందంతా నాదే అన్నావు. వ్యాపారం మంచిదే. రాజంపేట, రాయచోటి, కడప పిల్లోళ్లు అంతమంది ఉన్నచోట శుక్రవారం పూట సంగటీ నాటుకోడి పులుసూ పెడితే వాకిట్లో నిలబడి తింటారు. అందులో నాకు అనుమానం లేదు. నన్ను నిద్ర పోనీయకుండా చేసింది ఆ కాగితం సంగతి.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందర బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికినోణ్ణి నేను. లెక్క ఒకరిది, పేరు ఇంకొకరిది అయిన ఆస్తులు నా బల్ల మీదికి చానా వచ్చినాయి. సీలింగు భయంతో పాలేరు పేరున పెట్టిన చేన్లు, పన్ను భయంతో బామ్మర్ది పేరున కొన్న ఇండ్లు. పేరున్నోడు బతికున్నంత కాలం ఏ చిక్కూ రాదు. ఆయన పోయిన పదకొండో రోజు దాటితే కొడుకులు వస్తారు. వాళ్ల నాయన నోటిమాటగా ఏం ఒప్పుకున్నాడో వాళ్లకు అనవసరం. 1988 నాటి బేనామీ చట్టం వచ్చినాక, లెక్క పెట్టింది నేనే అని కోర్టుకు పోయే దారి కూడా మూసుకుపోయింది. 2016లో దాన్ని ఇంకా బిగించినారు. మన దేశంలో, మన భాష తెలిసిన వకీళ్ల మధ్యనే ఈ గతి అయితే, అరబ్బీలో రాసిన కాగితం మీద నీ పేరు లేకుంటే నీకు దిక్కెవరు?

అక్కడి చట్టం సంగతి నాకు తెలిసినంత చెప్తా. 1980 నాటి కువైట్ వాణిజ్య చట్టం ప్రకారం పరదేశి ఒంటరిగా వ్యాపారం పెట్టకూడదు. కువైటీ భాగస్వామి ఉండాల, ఆయన వాటా నూటికి 51కి తగ్గకూడదు. 2013లో నూరు శాతం పరదేశి వాటాకు దారి తీసినారు గానీ అది పెద్ద పెట్టుబడులతో వచ్చే కంపెనీల కోసం చేసింది, నీబోటోడి కోసం కాదు. దుబాయి వైపు 2021 నుంచి చానా వ్యాపారాలకు స్థానికుడి వాటా అక్కర్లేదన్నారు. సౌదీలో మాత్రం స్థానికుడి పేరు చాటున పరదేశి అంగడి నడిపితే ఇద్దరికీ శిక్షే, ఐదేండ్ల దాకా జైలు, యాభై లక్షల రియాళ్ల దాకా జరిమానా. కాబట్టి దుబాయిలో ఉన్న స్నేహితుడు చెప్పిన మాట పట్టుకుని కువైట్‌లో అడుగు వేయొద్దు.

దానికన్నా ముందు నీ వీసా చూసుకో. నీది ఖాదీం వీసా, 20వ నంబరు. ఆ అకామా (నివాస అనుమతి) మీద బాబా ఇంట్లో తప్ప ఇంకో చోట పని చేయడమే తప్పు. పట్టుకుంటే వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కిస్తారు, మళ్లీ ఆ గడప తొక్కలేవు. 2024 జులైలో 20 నుంచి 18కి, అంటే కంపెనీ పని వీసాకు, మారడానికి రెండు నెలలు తలుపు తెరిచి, సెప్టెంబరులో మూసినారు. అప్పుడు బాబా మంచోడు, ఎందుకులే మామా అన్నావు. పోనీ 18 వాళ్లకైనా దారి సాఫీగా ఉందా అంటే, అదే ఏడు వాళ్లు కంపెనీల్లో భాగస్వాములుగా ఉండటానికే వాణిజ్య శాఖ అడ్డు చెప్పింది. ఈ రోజుకు ఏ రూలు నడుస్తోందో, నీ పేరు యాడైనా ఎక్కే దారి ఉందో లేదో ఫీజు ఇచ్చి కువైటీ వకీలును అడుగు. కువైట్ సిటీ మాలియాలో టీ తాగుతూ సలహాలు చెప్పేవాళ్ల మాట మీద ఇన్నేండ్ల సంపాదన పెట్టొద్దు.

నేనెందుకింత పట్టుబడుతున్నానో ఒక పాత సంగతి చెప్తే నీకు తెలుస్తుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. నువ్వప్పటికి పుట్టలేదు. లక్షకు పైగా మన దేశస్థులను జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి విమానాల్లో తెచ్చినారు. మరుసటేడు ఐక్యరాజ్యసమితి జెనీవాలో పరిహార కమిషన్ పెట్టింది. ఉద్యోగం విడిచి ప్రాణాలతో వచ్చినోళ్లకు ఇంత అని కట్టిన పరిహారం త్వరగానే తేలింది. అంగళ్లు పోగొట్టుకున్నోళ్ల కథ అట్లా తెగలేదు. లైసెన్సున్న కువైటీ ఒక దావా వేసినాడు, అదే అంగడికి నడిపిన పరదేశి ఇంకో దావా వేసినాడు. లైసెన్సు బాడుగకు తీసుకుని నడిపిన అంగడి అసలు ఎవరిదని తేల్చడానికి కమిషన్ ప్రత్యేకంగా కమిటీలు వేయాల్సి వచ్చింది. ఆ కమిటీల ముందు కన్నీళ్లు పనికొచ్చేవి కావు. ఒప్పందం, సరుకు బిల్లులు, బాడుగ రసీదులు, జీతాలిచ్చిన పుస్తకం, ఇవి అడుగుతారు. సైన్యం వస్తోందని పరుగెత్తినోడు అవన్నీ చంకన పెట్టుకుని వస్తాడా? అందుకే ప్రతి కాగితం నకలు ఎప్పటికప్పుడు నాకు పంపమని చెప్పేది. ఇప్పుడు నీకు ఫోనులో ఫోటో తీస్తే సరిపోతుంది, అప్పుడు అదీ లేదు.

కఫీల్‌ను దొంగగా చూడమని నా ఉద్దేశం కాదు. ఆయన ఊరికే కూర్చుని తింటున్నాడని మనోళ్లు అంటుంటారు. నీ వంటింట్లో చెడిన మాంసం దొరికితే ఆహార తనిఖీవాళ్ల నోటీసు ఆయన పేరున పోతుంది. నువ్వు జీతాలు ఎగ్గొడితే ఫిర్యాదు ఆయన మీద పడుతుంది. తన పేరు నీ చేతిలో పెడుతున్నాడు గనుక లెక్కల పుస్తకం ఆయనకు ఎప్పుడు కావాలంటే అప్పుడు చూపించు. రేపు ఆయన పోతే అంగడి ఎవరిది, పొయ్యిలూ గిన్నెలూ ఎవరివి, విడిపోవాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాల అనేది ఇప్పుడే, ఇద్దరూ నవ్వుతూ మాట్లాడుకునేటప్పుడే రాసుకోండి. అరబ్బీలోనే రాయించు. అక్కడి కోర్టుకు అదే భాష.

మన బజారులో మార్వాడీ సేట్లను చిన్నప్పటి నుంచి చూసినావు. వాళ్ల మనవళ్లు నీకన్నా బాగా తెలుగు మాట్లాడతారు. అయినా ఊర్లో ఏదన్నా దొంగ బంగారం సంగతి వస్తే ముందు చూపు వాళ్ల అంగడి వైపే పోతుంది. వాళ్లకు ఆ సంగతి తెలుసు, అందుకే రసీదు లేకుండా ముక్కుపుడక కూడా ముట్టుకోని సేట్లున్నారు. ఫర్వానియాలో ఆ చూపు నీ మీద పడుతుంది. ఇంకో మాట, మన పార్టీల ఫ్లెక్సీలు అక్కడ కూడా కడతారట కదా. నీ హోటల్లో ఒక్కటి కూడా కట్టనీయొద్దు. సంగటి తినేవాడికి జెండాతో పనేముంది!

హోటలుకు మన ఊరి పేరు పెడతానన్నావు, సంతోషం. నవాబుల సంస్థానం 1948లో పోయినా మామిడికాయ ఊరి పేరును లోకమంతా తిప్పింది. 2017లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఏ జిల్లా తోటలో కాసినా బంగినపల్లే అంటారు, మన ఊరికి అందులో చిల్లిగవ్వ రాదు, అది వేరే సంగతి.

ఇక పనోళ్లు. వంటకు మన వైపు నుంచి ఇద్దరు ముగ్గురిని పిలిపించుకుంటావు. వీసాకు ఇంత అని వాళ్ల దగ్గర ఒక్క రూపాయి తీసుకోవద్దు. వీసాలు అమ్మడం అక్కడ జైలుకు పోయే నేరం. అది నేరం కాకపోయినా నీకు నా మాట ఇదే. నువ్వు పోయేటప్పుడు మీ నాయన ఎద్దుల జత అమ్మి ఏజెంటుకు కట్టినాడు. పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరే ఉండనీ, యజమాని పట్టుకోకూడదని అక్కడి రూలే. పని మానేటప్పుడు ఇవ్వాల్సిన పైకం మొదటి ఐదేండ్లకు ఏడాదికి పదిహేను రోజుల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం. 2010 నాటి కార్మిక చట్టంలో రాసి ఉంది. దాన్ని నీ లాభంలో కలుపుకోకుండా నెలనెలా పక్కన పెట్టు.

వాళ్లను యాడ పడుకోబెడతావు? నువ్వు పంపిన మాటల్లో హోటలు గురించి ఇంతసేపు ఉంది, ఈ సంగతి లేదు. 2024 జూన్ 12 తెల్లవారుజామున అక్కడే మంగాఫ్‌లో కూలీలుండే భవనం అంటుకుంది. పోయినోళ్లలో నలభై మందికి పైగా మన దేశస్థులే, ముగ్గురు ఆంధ్రా వాళ్లు. మంటకన్నా పొగ ఎక్కువ మందిని తీసుకుంది. బాడుగ మిగులుతుందని హోటలు వెనక గ్యాసు సిలిండర్ల పక్కన అటక కట్టి మంచాలు వేయొద్దు. అట్లా వేయకుండా లెక్క కుదరదంటే ఆ హోటలు నీకు కుదరనట్టే.

తోటి డ్రైవర్ల చీటీ లెక్క పెట్టుబడిగా పెడతానన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. అది కూతుళ్ల పెండ్లిండ్లకు దాచుకున్న లెక్క. నీ అంగడికి తాళం పడితే వాళ్లు నీ మీద కేసు కూడా వేయలేరు, మీ అమ్మ వాకిట్లో వచ్చి కూర్చుంటారు. నీ సొంతానికి దాచుకున్నది ఎంతుంటే అంతలో పెట్టు, సగం ఇక్కడ ఎన్ఆర్ఈ ఖాతాలో ఉంచి. హుండీలో పంపొద్దు. రేపు ఆ లెక్క యాడ నుంచి వచ్చిందని ఎవరన్నా అడిగితే చూపడానికి నీ దగ్గర ఏమీ ఉండదు.

నీ హోటలు కోసం యాగంటి దారిలోని చేను తాకట్టు పెట్టడానికి మీ అమ్మ నిన్న నా దగ్గరికి వచ్చింది, కాగితం రాయమని. వకీలు చెప్పిన మాటా, ఆ ఒప్పందం నకలూ నా చేతికి వచ్చేదాకా రాయనని పంపించేసినా. నేను కాకపోతే పక్క బల్లాయన రాస్తాడని కోపంగా పోయింది. ఆయనకు నేను ముందే చెప్పి పెట్టినా. నువ్వు ఈ రాత్రికే మీ అమ్మకు ఫోను చేయి.

ఇట్లు
మీ మేనమామ