పని తెలిసినవాడికి పాఠం చెప్పే హక్కు

వయసు వచ్చి, వుద్యోగం చేసుకుంటూ చదువుకోవడానికి వచ్చేవాళ్ళకు ఎట్లా బోధించాలి అని మన ఉపాధ్యాయులు చర్చించినప్పుడల్లా ఆ చర్చ పద్ధతుల దగ్గర మొదలై పద్ధతుల దగ్గరే ముగుస్తుంది. ఉపన్యాసం ఎంతసేపు చెప్పాలి, బొమ్మలు ఎన్ని గీయాలి, ప్రశ్నలు మధ్యలో అడగనివ్వాలా చివర అడగనివ్వాలా — ఇవన్నీ తేల్చుకోవలసినవే, కాదనను. కాని వీటన్నిటికీ ముందు ఒక నైతిక ప్రశ్న వుంది. ఇరవై ఏళ్ళుగా ఒక పని చేస్తూ, ఆ పనిమీదే సంసారం ఈదుతున్న మనిషికి, ఆ పని ఒక్కనాడైనా చేసి ఎరగని ఉపాధ్యాయుడు పాఠం చెబుతాడు. ఆ హక్కు అతనికి ఎక్కడినుంచి వచ్చింది?

ఈ ప్రశ్నను తప్పించుకోవడానికి చాలా కాలంగా ఒక సాకు పనికివస్తున్నది. పెద్దవాళ్ళకు బుర్ర ముదిరిపోయిందనీ, మొక్కగా వంగనిది మానుగా వంగదనీ అంటారు. అమెరికాలో థారన్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1928లోనే పెద్దల అభ్యసనం మీద పుస్తకం రాసి, నేర్చుకునే శక్తి ఇరవై దాటాక కొద్ది కొద్దిగా మాత్రమే తగ్గుతుందని, నలభై ఏళ్ళవాడు నేర్చుకోలేకపోవడానికి అది కారణం కాదని చూపించాడు. మన సాయంకాలపు క్లాసుల్లో నలభై ఏళ్ళవాడు కునికిపాట్లు పడుతున్నాడంటే అతని మెదడు ముదరడం వల్ల కాదు, ఎనిమిది గంటల షిఫ్టు చేసి వచ్చినందువల్ల. కొన్నిసార్లు మన పాఠం వల్ల కూడా.

సాకు పోయినా అలవాటు పోలేదు. నలభై అయిదేళ్ళ ఫిట్టర్ని ముప్ఫై ఏళ్ళ మాస్టారు "ఏమయ్యా, నువ్వు చెప్పు" అంటాడు. బజారులో అదే మనిషి ఎదురైతే "మీరు" అంటాడేమో. క్లాసు గుమ్మం దాటగానే ఆ "మీరు" ఎక్కడికి పోయింది? చాలా చిన్న విషయమని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. ఏకవచనంలో పిలిపించుకున్న పెద్దమనిషి ఆ క్లాసులో నోరు తెరిచి తనకు తెలియనిది అడగడు. అడగనివాడికి ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఇది సంప్రదాయవాదుల దోషం. అభ్యుదయవాదులమనుకునే మన దోషం ఇంకొకటి. చదువు మనిషిని మేలుకొల్పాలని మనకు ఆశ. వచ్చినవాడు మాత్రం ప్రమోషను కావాలంటాడు, డిప్లమా చేతికి వస్తే నెలకు కాస్త జీతం పెరుగుతుందంటాడు. అది వినగానే మనకు అతని మీద గౌరవం తగ్గుతుంది. ఇతను మధ్యతరగతి మోజులో పడ్డాడనుకుంటాం. నెల తిరిగేసరికి జీతం చేతికి వచ్చే మాస్టారు, జీతం పెరగాలని కోరేవాణ్ణి తక్కువగా చూడడంలో వున్న వింత మనకు తట్టదు. పిల్లవాడి గమ్యం తల్లిదండ్రులు నిర్ణయిస్తారు. పెద్దవాడు తన గమ్యం తానే నిర్ణయించుకుని వస్తాడు. దాన్ని వెక్కిరించి మన గమ్యం అతనికి అంటగట్టడం కూడా ఒక రకం దొరతనమే.

నాకీ సంగతి తెలిసివచ్చింది ఒక లేతు మిషను దగ్గర. సాయంకాలం క్లాసులో టర్నర్లకు గేరు లెక్క చెబుతున్నాను. మిషను మీద లీడ్ స్క్రూ మరకూ మరకూ మధ్య 6 మిల్లీమీటర్లు వుంది. మనం కోయవలసిన మర 1.5 మిల్లీమీటర్లది. అంటే పని ముక్క ఒక చుట్టు తిరిగేసరికి లీడ్ స్క్రూ పావు చుట్టు తిరగాలి. కాబట్టి స్పిండిల్ వైపు 20 పళ్ళ గేరు, స్క్రూ మీద 80 పళ్ళ గేరు. బోర్డు మీద రెండు చక్రాలు ఒకదానికొకటి ఆనుకున్నట్టు వేశాను. పుస్తకంలో బొమ్మ కూడా అట్లాగే వుంది.

వెనక బెంచీలో ఒకాయన లేచాడు. తల సగం నెరిసింది. "మాస్టారూ, లెక్క మీరు చెప్పిందే. కాని ఆ రెండూ అందుకోవండీ. ఒకవేళ అందుకున్నా స్క్రూ ఎదురు తిరుగుతుంది, మర ఎడమచేతిది పడుతుంది. మధ్యలో ఇంకో గేరు వెయ్యాలండి" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు ముఖం మాడిపోయింది. ఆ క్షణంలో "కూర్చోండి, అది తరవాత పాఠం" అందామని నోటిదాకా వచ్చింది. అనకపోవడం నా గొప్ప కాదు. అబద్ధం ఆడడానికి కావలసిన సమయస్ఫూర్తి లేకపోయింది.

"మధ్య గేరుకు ఎన్ని పళ్ళుండాలి?" అని అడిగాను. "ఎన్నయినా ఫర్వాలేదండి. ఏది అమిరితే అది వేస్తాం" అన్నాడు. "ఎందుకు ఫర్వాలేదు?" దానికి ఆయన దగ్గర జవాబు లేదు. వేస్తే సరిపోతుందని పాతికేళ్ళుగా తెలుసు, ఎందుకు సరిపోతుందో ఎవరూ చెప్పలేదు. అది నేను చెప్పగలను. మధ్య గేరు ఒక పక్క ఎన్ని పళ్ళు అందుకుంటే రెండో పక్క అన్ని పళ్ళే అందిస్తుంది. భిన్నంలో పైనా కిందా అదే సంఖ్య పడి కొట్టుకుపోతుంది. అది అయ్యాక ఆయనే ఇంకో మర లెక్క అడిగాడు, 1.75ది. ఆయన మిషను మీది చార్టులో ఆ కొలత లేదట. ఇంతకాలం అట్లాంటి పని వస్తే ఫోర్‌మన్‌ను అడిగేవాడట. 1.75ను 6తో భాగిస్తే 35కు 120. ఆ రెండు గేర్లూ పెట్టెలో వున్నవే. కాగితం మీద రాసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. చార్టుమీదా ఫోర్‌మన్ మీదా ఆధారపడడం ఆ మేరకు తగ్గింది.

పాఠం చెప్పే హక్కు అంటూ వుంటే అది ఇంతమాత్రమే. పని తెలిసినవాడి దగ్గర "ఎట్లా" వుంటుంది. "ఎందుకు" అన్నది చరిత్రలో ఎవరో అతని చేతినుంచి లాగి పుస్తకాల్లోకి, డ్రాయింగు ఆఫీసుల్లోకి తీసుకుపోయారు. ఉపాధ్యాయుడు దాన్ని తిరిగి ఇస్తున్నాడు. తన ఇంట్లోది దానం చేస్తున్నాననుకుంటే పొరపాటు.

ఇంగ్లండులో టానీ 1908లో లాంగ్టన్ కుండల పనివాళ్ళకూ రోచ్‌డేల్ మిల్లు పనివాళ్ళకూ క్లాసులు మొదలుపెట్టాడు. ఒక గంట ఉపన్యాసం, ఒక గంట చర్చ. ఆ రెండో గంటలోనే ఆ క్లాసుల ప్రాణం వుంది. 1912లో భూమి సమస్య మీద అచ్చువేసిన తన చరిత్ర గ్రంథానికి ముందుమాటలో ఆ శ్రామిక విద్యార్థులవల్ల తాను నేర్చుకున్నానని రాసుకున్నాడు. మర్యాదకు రాసిన మాట కాదది.

అయితే అదే రోజుల్లో, 1909 మార్చిలో, ఆక్స్‌ఫర్డులోని రస్కిన్ కాలేజీ విద్యార్థులు సమ్మె చేశారు. గని కార్మికులు, రైల్వే కార్మికులు. యూనియన్ల డబ్బుతో వచ్చినవాళ్ళు. ప్రిన్సిపాల్ డెన్నిస్ హర్డ్‌ను తొలగించడం వెంటనే కనపడే కారణం. అసలు తగాదా మరొకటి: ఆర్థికశాస్త్రం పేరుతో తమకు చెబుతున్నది యజమానుల ఆర్థికశాస్త్రమని వాళ్ళ అభ్యంతరం. విడిపోయి సెంట్రల్ లేబర్ కాలేజీ పెట్టుకున్నారు. 1929లో మూతపడేదాకా అది నడిచింది. పదమూడో ఏట బొగ్గుగనిలో దిగిన అన్యూరిన్ బెవాన్ 1919 నుంచి 1921 దాకా అక్కడే చదివాడు. 1948లో బ్రిటనులో జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించిన మంత్రి ఆయనే.

టానీ వైపు నిలబడాలా, సమ్మెదార్ల వైపా? టానీ పద్ధతి మంచిదే. కాని మంచి పద్ధతితో ఏం చెబుతున్నామన్న ప్రశ్నను అడగవలసివచ్చింది ఆ గని కార్మికులే, ప్రొఫెసర్లు కాదు. నేనైతే వాళ్ళ వైపే.

మన నెల్లూరు జిల్లాలో 1990 తరవాత అక్షరాస్యతా వుద్యమం నడిచింది. వాచకంలో సారా గురించిన పాఠం చదివి దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారని చెబుతారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. నిజమే. కాని సారా కొంపలు ముంచుతుందని ఆ తల్లులు వాచకం చూసి తెలుసుకోలేదు. తన్నులు తిన్నది వాళ్ళు. వాచకం చేసిందల్లా వాళ్ళకు తెలిసినదాన్ని అచ్చులో చూపడం. రాత్రి బడి చేసింది వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టడం. బ్రెజిల్‌లోని అంజికోస్‌లో 1963లో పావ్‌లో ఫ్రేరీ మూడు వందలమందికి నలభై గంటల్లో చదవడం, రాయడం నేర్పే ప్రయత్నం చేసిందీ వాళ్ళ బతుకులోని మాటలతోనే. మరుసటి ఏడు సైనిక ప్రభుత్వం ఆయన్ను జైల్లో పెట్టింది.

ఫ్రేరీ పేరు చెప్పుకుని ఈమధ్య కొందరు మాస్టర్లు "ఇక్కడ గురువూ లేడు, శిష్యుడూ లేడు, అందరం కలిసి నేర్చుకుంటున్నాం" అంటున్నారు. వినడానికి బావుంటుంది. కాని హాజరు పట్టీ ఎవరి చేతిలో వుంది? మార్కులు వేసేదెవరు? సమానత్వం లేనిచోట వుందని చెప్పడం విద్యార్థిని మోసగించడమే. అధికారం వుందని ఒప్పుకుని, దాన్ని ఎంతవరకు వాడతామో ముందుగా చెప్పడం కాస్త నిజాయితీ.

ఆ నిజాయితీ కూడా ఎంతదూరం వస్తుందో నాకు అనుమానమే. పరీక్షకు వారం ముందు ఆ టర్నరు వరండాలో ఆపి అడిగాడు: "మాస్టారూ, గేర్ల ప్రశ్న వస్తే పుస్తకంలో వున్న బొమ్మ వెయ్యమంటారా, మధ్య గేరుతో వెయ్యమంటారా?" పేపరు దిద్దేది నేను కాదు. ఎక్కడో ఎవరో పుస్తకం పక్కన పెట్టుకుని దిద్దుతారు. ఆయన ప్రమోషను ఆ మార్కుల మీద ఆధారపడి వుంది. పుస్తకంలోదే వెయ్యమన్నాను. "సరేనండి" అన్నాడు. అట్లాగే వేశాడు, పాసయ్యాడు.