కుడిపక్క కిటికీ

డాంకాస్టర్,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి సాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

మనవాళ్ళ గ్రూపులో నువ్వు రైల్లోంచి తీసి పెట్టిన డర్హమ్ కెథెడ్రల్ ఫోటో చూశాను. మీ అత్తలు అబ్బో అన్నారు. మీ నాన్నయితే నాకు విడిగా ఫోన్ చేసి, ‘చూశావా అన్నయ్యా, వాడు చదువుతోబాటు దేశం కూడా చూసేస్తున్నాడు’ అని మురిసిపోయాడు. నేను మాత్రం ఫోటోని రెండు వేళ్ళతో లాగి పెద్దది చేసి చూశాను. ఆ లైను మీద తిరిగి తిరిగి ముసలాడినయ్యాను కదా, ఊరుకోలేను. డర్హమ్‌లో రైలు కట్ట పడమట ఉంటుంది, కెథెడ్రల్ దానికి తూర్పున. సాయంత్రం ఎండ తిన్నగా పడి ఆ రాయంతా బంగారంలా మెరుస్తుంది. పొద్దుటిపూట సూర్యుడు వెనకాల ఉంటాడు కాబట్టి మూడు శిఖరాలూ నల్లగా కనబడతాయి. నీ ఫోటోలో నల్లగా ఉన్నాయి. పెట్టింది మంగళవారం. కిటికీ అద్దంలో నీ మొహం కూడా పడింది, నువ్వు చూసుకున్నట్టు లేదు. కళ్ళు గుంటలు పడ్డాయి. మెడలో వేలాడుతున్న కార్డు యూనివర్సిటీది కాదు.

ఆ సంగతి తరవాత మాట్లాడుకుందాం.

లండన్ కింగ్స్‌క్రాస్‌లో ఎక్కి ఉత్తరానికి వచ్చేటప్పుడు కుడిపక్క కిటికీ పట్టుకోవాలి. నాకిది ఎవరూ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఈ ఊళ్ళు ఎప్పటివో. రైలు మొన్న మొన్న వచ్చి వాటి పడమటి అంచునే పోయింది. అందుకే చూడాల్సినవి చాలావరకు తూర్పునే ఉంటాయి. పీటర్‌బరోలో ఇళ్ళ కప్పుల మీదుగా కెథెడ్రల్ తల కనబడుతుంది. ఎనిమిదో హెన్రీ కాదని వదిలేసిన మొదటి భార్య క్యాథరీన్‌ని 1536లో పాతిపెట్టింది అక్కడే. ఆ పైన గ్రాంథమ్ చర్చి సూదిమొన. మా డాంకాస్టర్‌లో సెయింట్ జార్జి చర్చి. యార్క్ స్టేషన్ దాటగానే మిన్‌స్టర్. 1984లో పిడుగు పడిందో మరేమో, దాని దక్షిణపు భాగం కప్పు కాలిపోయింది. అప్పుడు నేను ఇక్కడే ఉన్నాను, ఆస్పత్రిలో రోగులు కూడా వాళ్ళ నొప్పులు మానేసి ఆ కబురే చెప్పుకున్నారు.

ఇక డర్హమ్. 1093లో మొదలెట్టిన కట్టడాన్ని, 1857లో కట్టిన పదకొండు కమానుల రైలు వంతెన మీంచి చూస్తావు. ఊరు కింద ఉంటుంది, నువ్వూ కెథెడ్రలూ పైన ఎదురెదురుగా ఉంటారు. ఏ బండయినా అక్కడ కాస్త నెమ్మదిస్తుంది. ఎన్నో ఏళ్ళు అలా వంతెన మీంచే చూశాను. దిగి లోపలికి వెళ్ళాక తెలిసింది, కిటికీలోంచి నేను చూసింది గోడల్నే అని. లోపలి స్తంభాలు ఒక్కొక్కటీ ఎంత లావు! వాటి మీద కొన్నిటికి వంకరటింకర గీతలు, కొన్నిటికి వజ్రాల గళ్ళు చెక్కారు. గీత లోతుగా ఉంటుంది, చెయ్యి పెడితే వేలు దిగుతుంది. రైల్లోంచి ఇదంతా ఎక్కడ కనబడుతుంది?

మా రోజుల్లో యార్క్‌కి ముందు సెల్బీ ఆబీ కూడా కనిపించేది. తీరా కింద బొగ్గుందని, గని తవ్వితే నేల కుంగుతుందని, 1983లో మెయిన్ లైనునే పక్కకి మళ్ళించారు. 2004కల్లా ఆ గనులూ మూతబడ్డాయి. బొగ్గూ పోయింది, ఆబీ కనబడటమూ పోయింది. ఇప్పటి బళ్ళు మరీనూ. కిటికీ సీటు అని చీటీ ఇస్తారు, కూచుంటే మొహం ఎదురుగా ప్లాస్టిక్ గోడ. కిటికీ ఉన్నవాడేమో చెవుల్లో పుల్లలు పెట్టుకుని ఫోన్లోకి వంగిపోతాడు. మన దేశంలో ఏసీ పెట్టెలు ఇంకా అన్యాయం, గోదావరి వచ్చిందో పోయిందో కూడా తెలియదు.

మీ నానమ్మ ఉంటే ఒప్పుకునేదా? విశాఖపట్నం వెళ్ళేటప్పుడు ఏ అర్ధరాత్రయినా సరే, అన్నవరం కొండ వచ్చేసరికి పెట్టెలో అందర్నీ తట్టి లేపేది. మన వాళ్ళనే కాదు, పైబెర్తు మీద ఎవరో మార్వాడీ పెద్దాయన్ని కూడా లేపేసింది ఒకసారి. మీ నాన్న ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. మెడిసిన్‌లో చేరే రోజున నా చేత గోదాట్లో బిళ్ళ వేయించింది. 1974లో ఆ చదువు పట్టుకుని ఈ దేశం వచ్చాను.

ఆరు నెలలకో ఆస్పత్రి, ఊరికో క్వార్టరు. గదిలో హీటరుకి బిళ్ళలు వేయాలి. బిళ్ళలు అయిపోతే కోటు వేసుకునే పడుకోవాలి. ఇంటికి మాత్రం నీలం ఏరోగ్రామ్ మీద కెథెడ్రళ్ళ గురించి రాసేవాణ్ణి. ఎత్తెంత, ఎప్పుడు కట్టారు, రాజెవరు. కాగితం నిండిపోయేది, నా గురించి రాయడానికి చోటు మిగిలేది కాదు. మీ తాతయ్య వాటిని అరుగు మీద కూచుని ఊరందరికీ చదివి వినిపించేవారట. అక్కణ్ణుంచి వచ్చే జవాబులూ అలాగే: పాడి బాగుంది, పంట బాగుంది, నాన్న కులాసా.

ఆ కులాసా అన్న మనిషికి అప్పటికే కాళ్ళు వాచాయి. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూచుంటున్నారు. నేను డాక్టర్నిరా. ఆ రెండు ముక్కలూ రాసి ఉంటే ఏం మందు వేయాలో, ఎక్కడ చూపించాలో తిరుగు టపాలో రాసేవాణ్ణి. తరవాత అమ్మని అడిగాను. ‘నువ్వక్కడ అంత సుఖంగా ఉన్నావు కదా, పరీక్షల ముందు ఎందుకులే అనుకున్నాం’ అంది. టెలిగ్రామ్ క్వార్టర్లో తలుపు కింద పడి ఉంది. నేను ఎడిన్‌బరో బండిలో ఉన్నాను, సర్జరీ పరీక్షకి. బెరిక్ దగ్గర ట్వీడ్ నది మీద రైలు వంతెన వస్తుంది. 1850లో విక్టోరియా రాణి వచ్చి తెరిచింది, ఇరవై ఎనిమిది కమానులు. నాన్నకి రాయాలని చీటీ మీద రాసుకున్నాను.

ఆ పరీక్ష పాసయ్యాను. ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు విను. నీ వీసా మీద టర్మ్ నడిచేటప్పుడు వారానికి ఇరవై గంటలకి మించి పని చెయ్యకూడదు. నిన్నిక్కడికి పంపిన గూడెం ఏజెంటు ఏం చెప్పాడో, నీ రూమ్మేట్లు ఏం చేస్తున్నారో నాకనవసరం. క్లాసులకి రాకపోతే యూనివర్సిటీ వాళ్ళు హోమ్ ఆఫీసుకి రాసి తీరాలి, అది వాళ్ళ మీదున్న బాధ్యత. వాళ్ళు రాయకముందే నువ్వు వెళ్ళి ఇంటర్నేషనల్ విద్యార్థుల ఆఫీసులో కూచుని ఉన్నదున్నట్టు చెప్పు. రేపే వెళ్ళు. వాళ్ళు తిట్టరు, కాగితాలు అడుగుతారు. ఏం చెప్పారో నాకు మెయిల్ పెట్టు.

శనివారం ఇక్కడికి రా. పదో పదకొండో గంటల బండి చూసుకో, ముందే కొంటే చవక. రైల్‌కార్డు లేకపోతే తీసుకో, మూడో వంతు తగ్గుతుంది. శుక్రవారం రాత్రి డ్యూటీ వేస్తే రానని చెప్పు. వచ్చేటప్పుడు పేస్లిప్పులు, యూనివర్సిటీ నుంచి వచ్చిన ఉత్తరాలు, విప్పనివి కూడా తీసుకురా. అప్పు ఎంత, ఎవరి దగ్గర, వడ్డీ ఎంత అన్నది ఒక కాగితం మీద రాసి పట్టుకురా. ఇక్కడ కూచుని కలిపి చూద్దాం. కొంత నేను కడతాను, అంతా కట్టను. మీ నాన్నకి నేను ఒక్క మాట కూడా చెప్పను. ఆదివారం సాయంత్రం మా హాల్లోంచే నువ్వు ఫోన్ చేసి చెబుతావు. మీ పెద్దమ్మ పక్కన ఉంటుంది, భయపడకు.

దక్షిణానికి వస్తావు కాబట్టి ఈసారి ఎడమ పక్క సీటు తీసుకో, కానీ డర్హమ్ దాటగానే పడుకో, నీకు నిద్ర కావాలి. డాంకాస్టర్ రావడానికి పావుగంట ముందు అలారం పెట్టుకో. స్టేషన్లో కారు నిలిపితే డబ్బులు గుంజుతారు. బండి ఆలస్యమైతే ముందే ఫోన్ చెయ్యి.

పెద్దనాన్న