మాట వినే పిల్ల

"మా పిల్ల గీసిన గీటు దాటదు" అని మా అమ్మ నలుగురిలో చెబుతుంటే చిన్నప్పుడు ఎంత పొంగిపోయేదాన్నో! మొన్న రాత్రి మా అబ్బాయితో కలిసి ఓ పాత అమెరికన్ టీవీ కథ చూశాక, ఆ మాటే ముల్లులా గుచ్చుకుంది.

'ట్విలైట్ జోన్' సీరియల్లో 1961లో వచ్చిన కథ అది. పేరు 'ది అబ్సలీట్ మాన్'. పనికిరాని మనిషి అనుకోండి. రాబోయే కాలంలో ఓ రాజ్యం. అక్కడ పుస్తకాలూ ఉండకూడదు, దేవుడూ ఉండకూడదు. అలాంటిచోట లైబ్రేరియన్ దేనికి? "నువ్వు పనికిరావు" అని ఛాన్సలర్ అతనికి మరణశిక్ష వేస్తాడు. అతను ఛాన్సలర్నే తన గదికి పిలిచి, తాళం బిగిస్తాడు. అర్ధరాత్రికి ఆ గదిలో బాంబు పేలుతుంది మరి! లైబ్రేరియన్ నిబ్బరంగా బైబిల్ చదువుకుంటుంటే, ఛాన్సలర్ వణికిపోయి దేవుడి పేరు చెప్పి వేడుకుంటాడు. అతను జాలిపడి తలుపు తీస్తాడు. తను మాత్రం ఆ గదిలోనే చనిపోతాడు. తిరిగొచ్చిన ఛాన్సలర్‌కి అతని కిందివాడే "నువ్వూ పనికిరావు" అని తీర్పు చెబుతాడు. నిన్నటిదాకా అతని మాట విన్నవాళ్ళే మీదపడతారు.

"శాస్తి జరిగింది" అన్నాడు మావాడు. నాకు మాత్రం ఆ మీదపడ్డవాళ్ళ మొహాలే కళ్ళముందు మెదిలాయి.

ఇదంతా కథేగా అనుకుందామా? అదే 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే ఆయన ప్రయోగాలు మొదలుపెట్టాడు. తప్పు చెప్పినవాడికి కరెంటు షాకు ఇమ్మంటే, 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా మీటలు నొక్కారు. షాకు ఉత్తుత్తిదే. నొక్కేవాళ్ళకి ఆ సంగతి తెలీదు. వాళ్ళేం రాక్షసులు కారు. మనలాంటి బుద్ధిమంతులే.

ఏడో తరగతిలో నేను క్లాసు లీడర్ని. ఫీజు కట్టలేదని ఓ అమ్మాయిని బయట నిలబెట్టి, ఆమె సంచీ కూడా వరండాలో పెట్టమన్నారు టీచరుగారు. పెట్టాను. "వెరీ గుడ్" అన్నారు. ఆ పిల్ల నావైపు ఒక్కసారి చూసింది. మర్నాటినుంచి బడికి రాలేదు.

ఇది చెబితే మావాడు, "నేను పెట్టనని ఎందుకు అనలేదమ్మా?" అన్నాడు. అనొచ్చని నాకెవరూ చెప్పలేదురా అన్నాను.

పెద్దల మాట వినొద్దని కాదు. మన చేత్తో ఇంకొకరిని బాధపెట్టించే మాట వచ్చినప్పుడైనా "ఎందుకు?" అనడం పిల్లలకి నేర్పొద్దూ?

మర్నాడు పొద్దున్నే ఏదో పని చెబితే, "ఎందుకు?" అన్నాడు వాడు. "చెప్పింది చెయ్యి!" అనబోయి నాలిక కరుచుకున్నాను.